సంచి కట్టినా గింజ పడలేదా? పప్పుజాతి పశుగ్రాసాల్లో స్వపరాగ సంపర్కం చేయించే పద్ధతి

"లూసర్న్ మడిలో ఒక మొక్క మిగతావాటికంటే గుబురుగా, మంచి ఆకుతో ఉంది. దాని గింజలే తీసి వేశాను. వచ్చిన మొక్కల్లో ఒక్కటీ తల్లిలా లేదు. ఎందుకు?" ఈ ప్రశ్న వినని నెల లేదు. దీని వెనకే ఇంకోటి వస్తుంది: "సరే, ఈసారి పూగుత్తికి సంచి కట్టాను. గింజే పడలేదు."

మొదటిదానికి జవాబు తేనెటీగ. అది పక్క మొక్కల పుప్పొడి తెచ్చి పెట్టింది, కాబట్టి మీ గింజలకు తల్లి ఒకటే అయినా తండ్రులు ఎందరో. రెండోదానికి జవాబు కూడా తేనెటీగే. మీరు సంచి కట్టి దాన్ని ఆపేశారు, కానీ అది చేసే పని మీరు చేయలేదు. ఆ పని ఎలా చేయాలో, చేశాక నిజంగా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ పంట ఏ గుంపులోదో తేల్చుకోండి

అలసంద, ఉలవ, గోరుచిక్కుడు, శంఖుపుష్పం తమ పుప్పొడితో తామే కాయ కడతాయి. చాలావరకు పువ్వు పూర్తిగా విచ్చేలోపే లోపల పని అయిపోతుంది. వీటిలో స్వపరాగ సంపర్కం (మొక్క తన పుప్పొడితోనే గింజ కట్టడం) కోసం మీరు చేయాల్సింది పెద్దగా లేదు, సంకరం (వేరే మొక్క పుప్పొడితో కలపడం) చేయడమే కష్టం. సుబాబుల్ కూడా సొంత పుప్పొడితో కాస్తుంది.

లూసర్న్, బర్సీం రెండో గుంపు. సొంత పుప్పొడిని కొంతవరకు ఒప్పుకుంటాయి, కానీ పువ్వును ఎవరో ఒకరు మీటాలి, అంటే నొక్కి లోపల బిగిసి ఉన్న కేసరాల గొట్టాన్ని పైకి లేపాలి. అది తేనెటీగైనా కావచ్చు, మీ చేతిలోని పుల్లైనా కావచ్చు.

ఎర్ర క్లోవర్, తెల్ల క్లోవర్ మూడో గుంపు. సొంత పుప్పొడి కీలాగ్రం (పుప్పొడి పట్టే కొన) మీద పడినా, దాని నుంచి మొలిచే నాళం కీలం (ఆ కొన కింది కాడ) దాటి కిందికి దిగదు. ఎంత మీటినా గింజ దాదాపు సున్నా. పూగుత్తిని 40 డిగ్రీల దగ్గర వేడిలో ఉంచి నాలుగు గింజలు రాబట్టే పద్ధతి ఎర్ర క్లోవర్‌లో ఉంది గానీ, అది ప్రయోగశాల పని. ఈ పంటలు మీవైతే స్వపరాగ సంపర్కం ఆలోచన మానేసి, కింద చెప్పిన "మంచి మొక్కలను కలిపి పూయించడం" దగ్గరికి వెళ్లండి.

పంట గురించి తెలియకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. ఒకే మొక్క మీద మూడు పూగుత్తులు తీసుకోండి. ఒకదాన్ని వదిలేయండి. రెండోదానికి సంచి కట్టి ముట్టుకోకండి. మూడోదానికి సంచి కట్టి, పూలు విచ్చాక చేత్తో మీటి, మళ్లీ సంచి కట్టండి. రెండోదాంట్లోనూ కాయలు బాగా నిలిస్తే మొదటి గుంపు. రెండోది ఖాళీగా ఉండి మూడోది కాస్తే రెండో గుంపు. వదిలేసినది ఒక్కటే కాస్తే మూడో గుంపు. ఒక్క మొక్క మీద తీర్పు చెప్పకండి, కనీసం అయిదారు మొక్కల మీద చూడండి. లూసర్న్‌లో ఒక మొక్క సొంత పుప్పొడితో బాగా కాస్తే, దాని పక్కదే మొండికేస్తుంది.

కావలసినవి

పలచటి మస్లిన్ గుడ్డ సంచులు లేదా సన్నని నైలాన్ వల సంచులు (ప్లాస్టిక్ వద్దు), టూత్‌పిక్‌లు, మొన సన్నగా ఉన్న ఫోర్సెప్స్, భూతద్దం, 70 శాతం స్పిరిట్ ఉన్న చిన్న సీసా, దూది, దారం, ట్యాగులు, పెన్సిల్, నోటుబుక్కు. పెన్సిలే ఎందుకంటే, పెన్ను రాత ఒక్క మంచుకే చెరిగిపోతుంది. ట్యాగ్ మీద రాత పోతే ఆ గింజ మామూలు గింజే.

లూసర్న్‌లో స్వపరాగ సంపర్కం

1. తల్లి మొక్కను ముందు కాపాడుకోండి. ఒక కణుపు ఉన్న లేత కాండం ముక్కలు తీసి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పోసుకుంటాయి. నాలుగైదు నకళ్లు చేసుకుని రెండింటిని వేరేచోట పెట్టండి. సంతతి ఎలా వచ్చినా తల్లి చేతిలో ఉండాలి.

2. పూత కోసం ఎంచుకున్న మొక్కను కోత కోయకుండా వదిలేయండి. నీళ్లు కాస్త తగ్గించండి. తడి ఎక్కువైతే ఆకు తెగ పెరిగి పూలు రాలిపోతాయి.

3. కింది పూలు అప్పుడే విచ్చుతున్న పూగుత్తిని ఎంచుకోండి. ఇప్పటికే విచ్చిన పూలన్నీ తుంచేయండి. "ఇది తాజాగానే ఉంది కదా" అని ఒక్కటి ఉంచినా, దాని దగ్గరికి తేనెటీగ వచ్చి వెళ్లిందో లేదో మీకు తెలియదు. మొగ్గలు మాత్రమే మిగలాలి. సంచి తొడిగి, కాడ చుట్టూ కొద్దిగా దూది పెట్టి దారంతో కట్టండి. దూది లేకపోతే చీమలు, తామర పురుగులు ఆ సందులోంచే దూరతాయి.

4. రెండు మూడు రోజులాగండి. పొద్దుటి మంచు ఆరాక, ఎండ బాగా ముదరకముందు సంచి తీయండి. పది పన్నెండు పూలు విచ్చి ఉంటాయి.

5. ఇప్పుడు అసలు పని. పువ్వులో పైన నిలబడి ఉన్న వెడల్పు దళం ధ్వజం. రెండు పక్కలా రెక్కలు. వాటి మధ్య పడవలా ముడుచుకున్నది ద్రోణి. కేసరాల (పుప్పొడి మోసే పోగుల) గొట్టం, దాని లోపలి అండాశయం (కాయగా మారే భాగం) ఆ పడవలో వంచి పట్టిన విల్లులా బిగిసి ఉంటాయి. టూత్‌పిక్ మొనను ధ్వజానికీ ద్రోణికీ మధ్య దూర్చి, కిందికి మెల్లగా నొక్కండి. టక్కున గొట్టం పైకి లేచి ధ్వజానికి కొట్టుకుంటుంది. పుల్ల మొన మీద పసుపు పొడి అంటుతుంది, అదే పుప్పొడి. ఆ దెబ్బకే కీలాగ్రం మీది పలచటి పొర చిట్లి, పుప్పొడి పట్టడానికి చోటిస్తుంది. ఒకసారి లేచిన గొట్టం మళ్లీ ద్రోణిలోకి పోదు. కాబట్టి ఒక పువ్వుకు మీటే అవకాశం ఒక్కటే.

6. అదే పుల్లతో ఆ మొక్క మీది మిగతా పూలనూ మీటండి. ఒక మొక్కలోని ఏ పువ్వు పుప్పొడి అయినా ఆ మొక్కదే, ఇబ్బంది లేదు. నిజానికి పుల్ల మీద పుప్పొడి పేరుకున్నకొద్దీ కాయ నిలిచే అవకాశం పెరుగుతుంది. మరో మొక్కకు వెళ్లేటప్పుడు మాత్రం పుల్ల మార్చండి. వేళ్లు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడి స్పిరిట్ తగిలిన పుప్పొడి చచ్చిపోతుంది.

7. మీటిన పూలు లెక్కపెట్టండి. విచ్చని మొగ్గలు తుంచేయండి. ట్యాగ్ కట్టండి. నా ట్యాగులు ఇలా ఉంటాయి: "ల-17, స్వ, 12 పూలు, తేదీ". ల అంటే లూసర్న్, 17 మొక్క నంబరు, స్వ అంటే సొంత పుప్పొడి. ఇంతకంటే పెద్దగా రాస్తే పదో ట్యాగ్ దగ్గర విసుగొచ్చి రాయడం మానేస్తారు.

8. సంచి మళ్లీ కట్టండి, కానీ పూలకు గుడ్డ తగలకుండా వదులుగా. పూరేకులు రాలిపోయేదాకా సంచి తీయవద్దు. ఆ తర్వాత తీసినా పుప్పొడి భయం లేదు. నేనైతే రాలే గింజ పోకుండా కోత దాకా ఉంచేస్తాను.

9. కాయలు ముదిరి గోధుమ రంగుకు తిరిగాక, దాదాపు అయిదు వారాలకు, పూగుత్తి మొత్తం కత్తిరించి ట్యాగ్‌తో సహా కాగితం కవర్లో వేయండి.

బర్సీం కూడా ఇదే పద్ధతి. పువ్వు చిన్నది, గుత్తిలో పూలు ఎక్కువ. ఒక్కొక్కటీ మీటుతూ కూర్చోలేకపోతే, గుత్తిని సంచితో సహా రెండు వేళ్ల మధ్య పెట్టి సున్నితంగా అటూ ఇటూ దొర్లించండి. రెండు రోజులకోసారి, పూత అయ్యేదాకా.

ఎక్కడ తప్పుతారు

మొదటి ఏడాది నేను నలభై పూగుత్తులకు సంచులు కట్టి, నెల తర్వాత విప్పాను. ఎండిన పూరేకులు తప్ప ఏమీ లేవు. సంచి కడితే చాలు, మిగతాది పువ్వే చూసుకుంటుందనుకున్నాను. ఈ తప్పు అందరూ చేసేదే, అందుకే ముందు చెప్పాను.

ప్లాస్టిక్ కవరు రెండో తప్పు. లోపల ఆవిరి పట్టి, ఎండకు ఉడికి, పుప్పొడి ముద్దవుతుంది. కాయ పడలేదంటే మొక్కను తిట్టుకుంటారు గానీ కవరును అనుమానించరు.

మూడోది సంచి పూలకు ఆనుకుని ఉండటం. వల సంచి అయితే తేనెటీగ బయటి నుంచే మీటేస్తుంది, దాని ఒంటి మీది పుప్పొడి లోపలికి పోతుంది. సంచి లోపల సన్న తీగను గుండ్రంగా వంచి పెడితే గుడ్డ ఎడంగా నిలుస్తుంది.

నాలుగోది ఆలస్యం. మీటని పువ్వు వారం దాకా తాజాగా కనిపిస్తుంది. "రేపు చూద్దాం" అనిపిస్తుంది. అది వాడకముందే, విచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మీటండి.

పని జరిగిందో లేదో చూసుకోవడం

మీటిన రోజు సాయంత్రం ఒకసారి చూడండి. సరిగ్గా మీటిన పువ్వు కొన్ని గంటల్లోనే వడలుతుంది. ఇంకా నిగనిగలాడుతూ ఉంటే గొట్టం లేవలేదన్నమాట. వారానికి చిన్న కాయ మెలి తిరగడం మొదలవుతుంది.

కాయను చూసి కూడా కొంత చెప్పొచ్చు. పక్క మొక్క పుప్పొడితో కట్టిన లూసర్న్ కాయ రెండు మూడు చుట్లు తిరిగి, లోపల ఎక్కువ గింజలతో ఉంటుంది. సొంత పుప్పొడి కాయ తక్కువ చుట్లు తిరుగుతుంది, గింజలూ తక్కువ. సంచిలోంచి బాగా చుట్లు తిరిగిన, నిండు కాయలే గుంపుగా వస్తే సంతోషించకండి, సంచి చిల్లు వెతకండి.

పూగుత్తుల్లో పదింట ఒకదానికి సంచి కట్టి, మీటకుండా వదిలేయండి. వేడికీ గాలికీ కొన్ని పూలు వాటంతటవే మీటుకుంటాయి, అందులో ఒకటి అరా కాయలు రావచ్చు. అంతకు మించి వస్తే మీ సంచుల్లోకి ఏదో దూరుతోంది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం రంగు. తెల్లపూల లూసర్న్ మొక్క ఒకటి దొరికితే వదలకండి. తెలుపు, ఊదా రంగు ముందు అణిగిపోయే లక్షణం. తెల్లపూల తల్లికి సొంత పుప్పొడే పడితే పిల్లలన్నీ తెల్లగా పూయాలి. ఊదా పూసినవి ఎన్నో లెక్కపెడితే మీ పనిలో ఎంత కల్తీ జరిగిందో తెలుస్తుంది. ఏటా ఒక తెల్లపూల మొక్కను పరీక్ష కోసమే సంచుల్లో పెట్టండి.

గింజ మొలిపించడం: ఇక్కడ తొందరపడకండి

లూసర్న్ గింజల్లో కొన్నిటికి పెంకు గట్టిగా ఉండి నీరు పీల్చవు. రెండు గరుకు కాగితాల మధ్య పెట్టి, మెరుపు పోయేదాకా తేలికగా రుద్దండి. రాత్రంతా నానబెట్టి, ఉబ్బనివాటిని ఏరి మళ్లీ రుద్దండి. కష్టపడి తీసిన అరవై గింజల్లో పది మొలవలేదని పారేయడం అన్యాయం.

పొలంలో వేయకండి, ట్రేల్లో వేయండి. ఈ తరాన్ని ఎస్1 అంటారు. వీటిలో పాలిపోయినవి, మరుగుజ్జులు, తెల్లగా మొలిచి చచ్చిపోయేవి వస్తాయి. అంతవరకు మామూలే, దాగి ఉన్న లోపాలు బయటపడటమే స్వపరాగ సంపర్కం చేసే పని. కానీ శుభ్రం చేసిన ట్రే మట్టిలో రైజోబియం (వేరుబుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే బాక్టీరియా) ఉండదు. వేరుబుడిపెలు రాక మొక్కలన్నీ పసుపుబారితే "ఈ తల్లి సంతతి పనికిరాదు" అని తీసి పారేసినవాళ్లను చూశాను. విత్తేటప్పుడే లూసర్న్‌కు సరిపడే రైజోబియం పట్టించండి. పసుపుబారిన మొక్కకు కొద్దిగా నత్రజని ఇచ్చి పది రోజులు చూడండి. కోలుకుంటే అది ఆకలి. కోలుకోకపోతేనే పుట్టుకతో వచ్చిన లోపం.

ఎన్ని మొక్కలు పెంచాలి? లూసర్న్‌లో 32 క్రోమోజోములు, అంటే ఒక్కో రకానికి నాలుగేసి ప్రతులు. అలసందలో 22, రెండేసి ప్రతులు. దాగిన లక్షణం ఒకటి అలసంద మొక్కలో ఉంటే, దాని సంతతిలో నాలుగింట ఒకటిగా కనిపిస్తుంది, పదకొండు మొక్కలు పెంచితే 95 శాతం దొరికినట్టే. లూసర్న్‌లో నాలుగు ప్రతుల్లో రెండు దాగినవైతే 36లో ఒక్కటే కనిపిస్తుంది. అదే 95 శాతం నమ్మకానికి వంద దాటి పెంచాలి. ఇరవై మొక్కలు పెంచి "ఈ తల్లిలో లోపం లేదు" అనకండి.

ఎస్1 తర్వాత ఏం చేయాలి?

చాలామంది ఇక్కడ దారి తప్పుతారు. వరి, అలసంద చేసినట్టే లూసర్న్‌లోనూ ఆరేడు తరాలు సొంత పుప్పొడితో తీసి శుద్ధ రకం చేద్దామనుకుంటారు. మూడో తరానికే ఆకు తగ్గుతుంది, గింజ అంతకంటే వేగంగా తగ్గుతుంది, చివరికి ముందుకు తీసుకెళ్లడానికి గింజే ఉండదు. లూసర్న్‌లో స్వపరాగ సంపర్కం పరీక్ష కోసం, చెడును బయటికి లాగడానికి. రకం చేయడానికి కాదు. ఒకటి, మహా అయితే రెండు తరాలు చాలు.

మంచి మొక్కలను కలిపి పూయించడం ఇలా:

1. ఎస్1 సంతతి బాగా వచ్చిన తల్లులను ఎంచుకోండి. ఎనిమిది పది ఉంటే మంచిది. నాలుగుకు తగ్గితే తర్వాతి తరాల్లో బలం పడిపోతుంది. (నకళ్లు దాచమని మొదటి అడుగులో చెప్పింది ఇందుకే.)

2. ఒక్కో తల్లికి అయిదారు నకళ్లు చేసి, ప్రతి తల్లి పక్కనా మిగతా తల్లులన్నీ పడేలా చీటీలు తీసి కలగలిపి నాటండి. వరుసగా నాటితే పక్కపక్క వాళ్లే పెళ్లాడుకుంటారు.

3. దగ్గరలో వేరే లూసర్న్ పూయకూడదు. తేనెటీగకు వంద మీటర్లు ఒక లెక్క కాదు. దూరం దొరకకపోతే చుట్టూ వల కట్టి లోపల తేనెటీగల పెట్టె పెట్టండి.

4. ఒక్కో తల్లి నుంచి సమానంగా గింజ తీసి కలపండి. బాగా కాసిన తల్లి గింజ ఎక్కువ కలిపితే అది గింజ దిగుబడికి ఓటు వేసినట్టవుతుంది. మీకు కావాల్సింది మేత.

ఎర్ర క్లోవర్, తెల్ల క్లోవర్‌కు ఎస్1 పరీక్ష కుదరదు కాబట్టి, తల్లులను మడిలో చూసి ఎంచుకుని నేరుగా ఇక్కడ మొదలుపెట్టండి.

అలసందలో దారి వేరు

ఇక్కడ సొంత పుప్పొడి తనంతట తాను పడుతుంది, కాబట్టి కష్టమంతా దాన్ని ఆపడంలోనే. తెల్లపూల మొక్కను తల్లిగా, ఊదాపూల మొక్కను తండ్రిగా తీసుకోండి. ఎందుకో చివర తెలుస్తుంది.

1. సాయంత్రం, మర్నాడు పొద్దున విచ్చే మొగ్గను ఎంచుకోండి. నిండుగా ఎదిగి, కొన దగ్గర రంగు తేలి, ఇంకా బిగుతుగా ఉన్నది. పూలు తెల్లవారుతూనే విచ్చి మధ్యాహ్నంలోపు ముడుచుకుంటాయి, పుప్పొడి సంచులు అంతకు ముందే పగులుతాయి. అందుకే పొద్దున విపుంసీకరణ (కేసరాలు తీసేయడం) చేస్తే ఆలస్యమైపోయినట్టే.

2. మొగ్గను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ధ్వజాన్ని వెనక్కి మడిచి, ద్రోణిని ఫోర్సెప్స్‌తో చీల్చండి. కేసరాలు లాగేయండి. పది లెక్కపెట్టండి. తొమ్మిది ఒక కట్టగా వస్తాయి, పదోది విడిగా, ధ్వజం వైపు ఉంటుంది. మిగిలిపోయేది ఎప్పుడూ అదే. కీలాగ్రం మీద పొడి కనిపిస్తే ఆ మొగ్గ పారేయండి.

3. ధ్వజాన్ని మళ్లీ ముందుకు మూసి, ట్యాగ్ కట్టండి. అదే కాడ మీది మిగతా మొగ్గలు, కాయలు తుంచేయండి.

4. మర్నాడు పొద్దున్నే తండ్రి పువ్వు ఒకటి కోసి, దళాలు వలవండి. దాని కీలం కొన దగ్గర నూగు ఉంటుంది, పుప్పొడి దానికే పట్టుకుని ఉంటుంది. అదే మీ బ్రష్. తల్లి కీలాగ్రానికి మెల్లగా రాయండి.

5. మూడు నాలుగు రోజుల్లో రాలకపోతే ఆశ పెట్టుకోవచ్చు. పదిలో రెండు మూడు నిలిచినా మంచి చేయే.

కొత్తగా చేసేవాళ్లు పది మొగ్గలకు కేసరాలు తీసి, పుప్పొడి రాయకుండా సంచి కట్టి వదిలేయండి. ఒక్క కాయ నిలిచినా ఎక్కడో పదో కేసరం మిగిలిందని అర్థం. ఒక వారం ఇదే సాధన చేశాక అసలు సంకరం మొదలుపెట్టండి.

వచ్చిన గింజ ఎఫ్1, అంటే సంకరం మొదటి తరం; దాని సొంత గింజ ఎఫ్2, అలా ముందుకు. అవి ఊదా పూస్తే సంకరం నిజం, తెల్లగా పూస్తే తల్లి సొంత గింజ, పీకేయండి. అక్కడి నుంచి మొక్క తనపని తాను చేసుకుంటుంది. ఎఫ్2లో సగం, ఎఫ్3లో పావు, ఎఫ్6 నాటికి మూడు శాతం చొప్పున మిశ్రమం (తల్లి, తండ్రి ప్రతులు రెండూ కలిసి ఉండటం) తగ్గిపోతుంది. స్థలం తక్కువైతే ఎఫ్2లో రెండు వందల మొక్కలు పెంచి, ఒక్కో మొక్క నుంచి ఒక్క గింజ చొప్పున ఎఫ్5 దాకా తీసుకెళ్లండి, ఎంపిక ఆ తర్వాతే చేయండి.

పశుగ్రాసం కాబట్టి ఇంకో చిక్కుంది. మేత తూకం కోసం కోసిన అలసంద మొక్క మీకు గింజ ఇవ్వదు. విడిగా ఎడంగా పెరిగిన మొక్క ఎంత గుబురుగా ఉన్నా, చిక్కగా విత్తిన మడిలో అలా ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకని ఎఫ్5లో ఒక్కో వంశానికి రెండు వరుసలు వేయండి. ఒకటి పూత మొదట్లో కోసి తూచడానికి, రెండోది గింజకు.

తెల్లపూల వంశం అనుకుని వేసిన గింజ వరుసలో ఒక్క మొక్క ఊదా పూసిందనుకోండి. గింజలు కలిసిపోయి ఉండొచ్చు, లేదా కిందటి పంటలో తుమ్మెద పని అయి ఉండొచ్చు. ఆ రోజే పీకేయండి. దానికి అటూ ఇటూ ఉన్న మూడేసి మొక్కల గింజ ఈసారికి మేత విత్తనంలో కలిపేయండి, వంశం కోసం దాచే కవర్లో వేయకండి.